శ్రుతి నిలవకపోతే తప్పు చెవిదేనా?

సంగీతం తరగతి ఉన్న ఏ బడిలోనైనా ఏడాదికి ఒక్కసారైనా వినబడే మాట ఒకటుంది: ‘వీడికి శ్రుతిజ్ఞానం లేదండీ’. ఆ మాట అన్నవారు పిల్లవాడి చెవిని పరీక్షించారు. వాడి చేతిలో ఉన్న వాయిద్యాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు. అది పదినిమిషాల కిందట చేసిన శ్రుతిని ఇప్పటిదాకా పట్టి ఉంచగలిగిందా లేదా అని చూసే అలవాటు మన దగ్గర తక్కువ. మేము సంగీతం పంతుళ్లం కాము, సైన్సు చెప్పేవాళ్లం. అందుకే ఈ విషయాన్ని ఇనుము, కర్ర, తీగ వైపు నుంచి చూడాలనిపించింది.

దీనికి మేము ఎంచుకున్న ఉదాహరణ హార్ప్. మన బడుల్లో అది ఉండదు. చాలామంది పిల్లలు దాన్ని బొమ్మల్లోనో వీడియోల్లోనో చూసి ఉంటారు. పెద్ద త్రికోణం చట్రంలో నిలువుగా తీగలు కట్టిన వాయిద్యం అది. వీణలో నాలుగు తీగల మీద వేళ్లు నొక్కుతూ అన్ని స్వరాలూ పలికిస్తాం. హార్ప్‌లో అలా కుదరదు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ ఉండాలి. ఇవాళ పాశ్చాత్య వాద్యబృందాల్లో వాయించే పెద్ద హార్ప్‌కు 47 తీగలు. అంటే శ్రుతి తప్పడానికి 47 అవకాశాలు. ఆ బాధ పడలేకే మనుషులు తీగను పట్టి ఉంచే భాగాల గురించి వేల ఏళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకున్నారు. వారి ఆలోచన అంతా ఆ వాయిద్యం మెడ మీద బయటికే కనిపిస్తుంది.

ముందు చిన్న లెక్క. తీగ స్వరం మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బరువు, బిగింపు. పొడవు తగ్గితే స్వరం పెరుగుతుంది. తీగ బరువెక్కితే స్వరం తగ్గుతుంది. బిగిస్తే పెరుగుతుంది, అయితే బిగింపుకు వర్గమూలం చొప్పున. ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ 1636లో అచ్చువేసిన గ్రంథంలో ఈ సూత్రాలున్నాయి. ఇప్పుడు పైతరగతుల భౌతికశాస్త్రంలో సోనోమీటర్ ప్రయోగంగా పిల్లలు చేసేది ఇదే. ఒక స్వరస్థానం పైకి వెళ్లాలంటే, అంటే షడ్జం నుంచి శుద్ధ రిషభానికి, తీగ బిగింపు దాదాపు 12 శాతం పెరగాలి. ఆ ఒక్క స్వరస్థానాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంట్ అంటారు. బిగింపు కేవలం 1 శాతం జారితే స్వరం 8, 9 సెంట్లు దిగుతుంది. పక్కన తంబూర మోగుతుంటే ఆ మాత్రం తేడా చాలు, చెవికి గుచ్చుకుంటుంది. అంటే మేకు దగ్గర నూటికి ఒక వంతు పట్టు సడలినా పిల్లవాడి పాట చెడుతుంది.

విల్లు వంగితే

హార్ప్ మనకు పరాయిదేమీ కాదు. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణ ఒడిలో పెట్టుకుని వాయిస్తున్న బొమ్మలున్నాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద ఆయన చేతిలో ఉన్న వీణా అలాంటిదే. తమిళనాడులో చదువుకునే మన పిల్లలు తమిళ పాఠంలో వినే యాళ్ కూడా ఈ కుటుంబానిదే. ఆ కాలపు వీణ అంటే ఇవాళ్టి భాషలో హార్పే.

ఆ విల్లు వీణలకు ఒక లోపం ఉంది. విల్లు రెండో చివర గాలిలోనే ఉంటుంది, దాన్ని నిలబెట్టే స్తంభం లేదు. ఒక తీగ బిగించగానే మెడ కొంచెం లోపలికి వంగుతుంది. మెడ వంగితే మిగతా తీగలన్నీ కొద్దికొద్దిగా వదులవుతాయి. రెండో తీగ సరిచేస్తే మొదటిది మళ్లీ పోతుంది. నులక మంచం బిగించినవారికి ఈ అవస్థ కొత్త కాదు. ఒక మూల లాగితే ఇంకో మూల సడలుతుంది. చివరికి ఒకటికి నాలుగుసార్లు చుట్టి రావలసిందే.

మన దేశంలో మాయమైన ఆ విల్లు వీణ బర్మాలో ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ దాని పేరు సౌంగ్. మన పూర్వీకుల్లో రంగూన్ వెళ్లి వచ్చినవారు ఎందరో. వారిలో కొందరైనా దాన్ని విని ఉంటారు. ఇప్పటి సౌంగ్‌కు 16 తీగలు. పాత పద్ధతిలో దీనికి మేకులు లేవు. పట్టుతీగ చివరను ఎర్రటి నూలు తాడుకు కట్టి, ఆ తాడును వంపు మెడ చుట్టూ గట్టిగా చుడతారు. శ్రుతి మార్చాలంటే ఆ కట్టును చేత్తో పట్టి తిప్పి జరపాలి. నూలుకూ కర్రకూ మధ్య ఉన్న రాపిడే తీగను ఆపేది. చూడటానికి కుచ్చులతో ఎంతో అందంగా ఉంటుంది. కానీ చేతిలో బలం, ఓపిక రెండూ కావాలి. అందుకే ఈ కాలంలో కొన్ని సౌంగ్‌లకు కర్ర మేకులో, గిటార్‌కు ఉండే పళ్లచక్రాల బిరడలో అమర్చారు. పడమటి ఆఫ్రికాలో 21 తీగల కోరా వాయిద్యానిదీ ఇదే దారి. అక్కడ నూలు తాడు బదులు మెడకు తోలు ఉంగరాలు. వాటిని పైకి కిందకి జరిపి శ్రుతి చేసేవారు. ఇప్పుడు చాలా కోరాలకు లోహపు మేకులు వచ్చాయి. సంప్రదాయం పోయిందని బాధపడేవారు అక్కడా ఉన్నారు, శ్రుతి నిలుస్తోందని సంతోషించేవారూ ఉన్నారు. మా ఓటు రెండోవారికే.

యూరప్‌లో మధ్యయుగం నాటికి హార్ప్‌కు మూడో భుజం వచ్చింది. విల్లు రెండు చివరలనూ కలుపుతూ ముందువైపు ఒక స్తంభం నిలబెట్టారు. త్రికోణం తయారైంది. త్రికోణం నొక్కితే వంగదని ఇంటి కప్పు వేసే వడ్రంగికి తెలుసు. పెద్ద హార్ప్ మీద తీగలన్నీ కలిసి లాగే బలం సుమారు 900 కిలోలు. ఆ స్తంభం లేకపోతే అంత భారాన్ని ఊహించడానికే వీల్లేదు. శ్రుతి నిలకడ విషయంలో హార్ప్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మెరుగు ఇంకొకటి లేదని మా అభిప్రాయం. తర్వాత వచ్చిన యంత్రాలన్నీ దీని మీద కట్టినవే.

ఇక తీగను పట్టుకునే మేకు. హార్ప్ మెడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం ఉంటుంది. అందులో ఉక్కు మేకు దూరుతుంది. ఒక కొసన తీగ చుడతారు. రెండో కొస చతురస్రంగా ఉంటుంది, దానికి తాళంచెవి లాంటి పిడి తగిలించి తిప్పుతారు. ఆ మేకు ఒక చివర లావుగా, రెండో చివరకు కొద్దిగా సన్నబడుతూ ఉంటుంది. సీసా మూతికి బిరడా బిగించినట్టు, లోపలికి నొక్కేకొద్దీ కర్రను ఒత్తుతూ పట్టు పెరుగుతుంది. వేసవిలో కర్ర ఎండి రంధ్రం వదులైతే, తిప్పుతూనే కొంచెం లోపలికి నొక్కితే సరి. మరలాంటి గాట్లున్న మేకులు ఇంకో రకం. అవి నునుపుగా తిరుగుతాయి, కానీ వదులైతే నొక్కి బిగించే వీలు లేదు. ఇంకొంచెం లావు మేకు వేయించాలి.

మేకు బాగున్నా శ్రుతి జారే చోటు మరొకటుంది. మేకు నుంచి దిగిన తీగ నేరుగా కిందికి రాదు. కొంచెం దిగువన ఇంకో చిన్న లోహపు పుల్లను ఒరుసుకుంటూ వంగి, అక్కడి నుంచి కిందికి వెళ్తుంది. మోగే తీగ పొడవు మొదలయ్యేది అక్కడే. ఈ వంపు మరీ ఎక్కువైతే తీగ ఆ పుల్ల దగ్గర ఇరుక్కుంటుంది. మేకు తిప్పుతాం, పై ముక్క బిగుస్తుంది, మోగే ముక్కకు ఆ బిగింపు అందదు. స్వరం కదలలేదని ఇంకొంచెం తిప్పుతాం. ఒక్కసారిగా తీగ జారుతుంది, స్వరం గీత దాటుతుంది. లేదా శ్రుతి కుదిరిందనుకుని వాయించడం మొదలుపెట్టాక, పాట మధ్యలో ఆ దాగిన బిగింపు నెమ్మదిగా కిందికి దిగుతుంది. వీణ, వయొలిన్, గిటార్ ఏదైనా మెడ చివరన ఉండే చిన్న మెట్టు గాడిలో ఇదే జరుగుతుంది. శ్రుతి చేసేటప్పుడు తీగ ‘టిక్కు’మంటే అది చెవి తప్పు కాదు, గాడి తప్పు. ఆ గాడిలో పెన్సిల్ ముల్లుతో నాలుగు గీతలు గీస్తే ఆ గ్రాఫైట్ నూనెలా పనిచేస్తుంది. ఖర్చు లేని వైద్యం.

మిల్లీమీటరు విలువ

ఇంతవరకు తీగను నిలబెట్టే సంగతి. మార్చే సంగతి వేరు. హార్ప్ తీగలు ఏడు స్వరాల వరుసకు కట్టి ఉంటాయి. రాగం మారి, గాంధారం ఒక మెట్టు పెరగాలంటే? ప్రతి పాటకూ మేకులు తిప్పుతూ కూర్చోలేరు. పైగా మేకును ఎంత తరచుగా కదిలిస్తే అంత త్వరగా అది వదులవుతుంది. నిలకడ, మార్పు ఈ రెంటికీ ఒకే మేకును వాడితే రెండూ చెడతాయి. అందుకే పనులు పంచారు. మేకు పని నిలబెట్టడం. మార్చడానికి వేరే మీట.

17వ శతాబ్దంలో ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ ప్రాంతంలో మెడకు చిన్న ఇనుప కొక్కేలు బిగించారు. కొక్కెం తిప్పితే అది తీగను పైభాగంలో అదిమిపట్టి, మోగే పొడవును కొంచెం తగ్గిస్తుంది. స్వరం ఒక మెట్టు పెరుగుతుంది. కానీ కొక్కెం తిప్పడానికి ఒక చెయ్యి తీగల మీద నుంచి తీయాలి. ఆ తర్వాత 18వ శతాబ్దం తొలిరోజుల్లో బవేరియాలోని డోనావర్త్‌కు చెందిన హోఖ్‌బ్రుకర్ ఆ కొక్కేలను కాలితో తొక్కే పెడళ్లకు కలిపాడని చెబుతారు. చేతులు ఖాళీ అయ్యాయి. శ్రుతి బాధ మాత్రం పోలేదు. కొక్కెం తీగను పక్కకు లాగేది. పక్కకు లాగితే పొడవుతో పాటు బిగింపూ మారుతుంది, తీగ తన వరుస తప్పి వేలికి దొరకదు కూడా.

దీన్ని సరిచేసినవాడు సెబాస్టియన్ ఎరార్. 1752లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి, పారిస్‌లో వాయిద్యాలు చేస్తూ, ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో లండన్ చేరినవాడు. కొక్కెం తీసేసి గుండ్రటి చిన్న బిళ్ల పెట్టాడు. బిళ్ల మీద రెండు పుల్లలు. తీగ ఆ రెండింటి మధ్యగా వెళ్తుంది. బిళ్ల తిరిగితే రెండు పుల్లలూ రెండు వైపుల నుంచి తీగను పట్టుకుంటాయి. తీగ పక్కకు జరగదు. 1810లో ఒక్కో తీగకు అలాంటి బిళ్లలు రెండేసి పెట్టి, పెడల్‌కు మూడు మెట్లు ఇచ్చాడు. ఏడు స్వరాలకు ఏడు పెడళ్లు, ఎడమ కాలికి మూడు, కుడి కాలికి నాలుగు. కాలు కదిపితే బోలు స్తంభం లోపలి కడ్డీలు కదిలి మెడలోని బిళ్లలు తిరుగుతాయి. ఇవాళ్టి పెద్ద హార్ప్‌లు ఇప్పటికీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

ఈ యంత్రాంగమంతా అక్కర్లేదు, స్వరస్థానానికో తీగ కట్టేస్తే పోలేదా అన్నవారూ ఉన్నారు. పారిస్‌లోని ప్లేయెల్ సంస్థ డెబ్బైకి పైగా తీగలను రెండు వరుసల్లో ఒకదానికొకటి అడ్డంగా దాటేలా కట్టి పెడళ్లు లేని హార్ప్ తెచ్చింది. దాని గొప్ప చాటడానికి 1904లో దెబ్యూసీ చేత ఒక రచన చేయించింది. ఎరార్ సంస్థ ఊరుకుంటుందా? రవేల్‌ను పట్టుకుని 1905లో తమ పెడల్ హార్ప్ కోసం ఇంకో రచన చేయించుకుంది. రెండు కంపెనీల పోటీలో సంగీతానికి రెండు మంచి రచనలు దక్కాయి. డెబ్బై తీగలను రోజూ శ్రుతి చేసే ఓపిక మాత్రం లోకానికి లేకపోయింది. ఆ హార్ప్ వెనకబడిపోయింది.

విద్యార్థులు నేర్చుకునే చిన్న హార్ప్‌లకు పెడళ్లు ఉండవు, ఒక్కో తీగ పైన చేత్తో తిప్పే మీట ఉంటుంది. ఒక స్వరస్థానం పెంచాలంటే మోగే పొడవులో 5.6 శాతం తగ్గించాలి. మీటర్ పొడవున్న తీగకు అది 56 మిల్లీమీటర్లు. 7 సెంటీమీటర్ల చిట్టి తీగకు 4 మిల్లీమీటర్లలోపే. మీట బిగించే చోట 1 మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి. పొడుగు తీగలో 2 సెంట్లలోపు తేడా, ఎవరికీ తెలియదు. చిట్టి తీగలో 25 సెంట్లు, అంటే పావు స్వరస్థానం! తీగ మామూలుగా మోగినప్పుడు శ్రుతిలో ఉండి, మీట వేస్తే తప్పుతోందంటే తీగకు రోగం లేదు. మీట స్థానం కదిలింది, లేదా వేరే లావు తీగ కట్టారు. మేకు తిప్పి దీన్ని బాగుచేయబోతే ఉన్న శ్రుతీ పోతుంది.

ఇదే సమస్యకు మన దేశం ఇచ్చిన జవాబు మెట్లు. విల్లు వీణను వదిలి, ఒకే తీగ కింద మెట్లు పేర్చి అన్ని స్వరాలూ పలికించే వీణకు వచ్చాం. ఒకప్పుడు రాగాన్ని బట్టి మెట్లు జరిపేవారు. 24 మెట్లను స్థిరంగా నిలిపి ఏ రాగమైనా వాయించే ఇప్పటి వీణ తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందని చెబుతారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు కూడా. మెట్లను మైనంలో నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. హార్ప్ మీట ఎక్కడుండాలో చూసుకోవడం, వీణకు మేళం కట్టడం ఒకే పని. ఎండలో వదిలిన వీణలో మైనం మెత్తబడి మెట్టు ఒరిగితే, పైస్థాయిలో మిల్లీమీటరు ఎంత పని చేస్తుందో పైన చూశాం.

మూడు డిగ్రీల బిరడ

హార్ప్‌లో మేకు సన్నం, తీగలు ఎక్కువగా నైలాన్ లేదా జంతువుల పేగుతో చేసినవి. వీణలో బిరడ లావు, ముఖ్యమైన తీగలు ఉక్కువి. ఈ తేడా పెద్దది. నైలాన్ బాగా సాగుతుంది, కాబట్టి మేకు ఎక్కువ తిప్పితేనే స్వరం కదులుతుంది, సరిచేయడం సులువు. ఉక్కు దాదాపు సాగదు. మేము లెక్క వేసి చూశాం: వీణ సారణి తీగ ఒక స్వరస్థానం పెరగడానికి అది అర మిల్లీమీటరు కూడా సాగనక్కర్లేదు. తీగ చుట్టిన చోట బిరడ ఒకటిన్నర సెంటీమీటరు మందం ఉంటే, దాన్ని 3 డిగ్రీలు తిప్పితే చాలు. గడియారంలో నిమిషాల ముల్లు అర నిమిషంలో కదిలేంత. పదేళ్ల పిల్ల, కర్రలో బిగుసుకున్న బిరడను, నిమిషాల ముల్లు అర నిమిషం కదిలినంత మేర తిప్పి ఆపాలి. పెద్దవాళ్లకే కష్టం.

ఇది తెలిసే మన పెద్దలు వీణ రెండో చివరన లంగరు పెట్టారు. తీగను నేరుగా నాగపాశానికి కట్టకుండా మధ్యలో లంగరు తీగ వేసి, దాని మీద చిన్న ఉంగరాలు జరిపే ఏర్పాటు చేశారు. తంబూరకు పూసలు. వయొలిన్‌కు సన్న మర. బిరడ దగ్గరి దాకా తెస్తుంది, లంగరు కుదురుస్తుంది. హార్ప్‌వాళ్లు నిలబెట్టే పనిని, మార్చే పనిని విడదీసినట్టే మనవాళ్లు మోటు పనినీ సన్న పనినీ విడదీశారు. ఇంత తెలివైన భాగం ఎన్ని బడుల వీణల్లో పనిచేస్తోంది? ఉంగరాలు తుప్పు పట్టి కదలనివి, అసలు ఊడిపోయినవి మేము చాలానే చూశాం. మా విద్యార్థిని ఒకమ్మాయి బయట ఒక చోట వీణకు చేరింది. రెండు నెలలకే ‘నీకు చెవి లేదు, పాటకు వెళ్లు’ అన్నారు. ఆ వీణ పంచమం బిరడ వేలు తీయగానే వెనక్కి తిరిగేది, లంగరుకు ఉంగరమే లేదు. ఇల్లు మారి వేరే గురువు దగ్గర వేరే వీణ పట్టాక ఆ పిల్లకు చెవి ఎక్కడి నుంచి వచ్చిందో మరి, ఇప్పుడు తానే శ్రుతి చేసుకుంటోంది.

ఊరిని బట్టి కూడా బాధ మారుతుంది. బరంపురం, యానాం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, బిరడ బిగుసుకుపోతుంది. షోలాపూర్, బళ్లారి ఎండల్లో కర్ర ఎండి బిరడ జారిపోతుంది. జారే బిరడకు సుద్దపొడి పూసి నొక్కి తిప్పాలి. ఆ ఒక్క మందు మాత్రం ప్రతి టీచరు చేతిలో ఉంటుంది. బిగుసుకున్నదాన్ని పటకారుతో తిప్పకండి, మెడ పగులుతుంది. బయటికి తీసి, బిరడ ఆనే చోట పొడి సబ్బు కొంచెం రుద్దితే చాలు. ఉక్కు తీగ వేడికి సాగుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సుమారు పావు స్వరస్థానం దిగుతుంది. వార్షికోత్సవం రోజు గదిలో శ్రుతి చేసి, ఎండలో ఉన్న వేదిక మీదికి తెచ్చి వెంటనే వాయించమంటే పిల్లలేం చేస్తారు? వేదిక పక్కన నీడలో అరగంట ఉంచి, అక్కడే శ్రుతి చేయించాలి.

పళ్లచక్రాల బిరడలు వేసిన వీణలు ఇప్పుడు దొరుకుతున్నాయి. చాలా గిటార్లలో పిడి 14 చుట్లు తిప్పితే లోపలి కడ్డీ ఒక చుట్టు తిరుగుతుంది. అలాంటిదే వీణకు అమరిస్తే 3 డిగ్రీల కష్టం 42 డిగ్రీలవుతుంది, పిల్లల వేళ్లకు అందుతుంది. తీగ లాగినా చక్రం వెనక్కి తిరగదు. బరువు పెరుగుతుందని, రూపం పోతుందని కొందరు విద్వాంసులకు ఇష్టం లేదు. వారి వీణకు వారి ఇష్టం. నేర్చుకునే పిల్లల వీణకు మాత్రం వేయించమనే మేము చెబుతాం. పాత వీణకు వేయించేటప్పుడు కొత్త రంధ్రాలు తొలిచే పని వీణలు చేసేవారికే ఇవ్వండి, ఫర్నిచర్ వడ్రంగికి కాదు.

పిల్లవాడికి చెవి లేదని ఎవరైనా అంటే ముందు ఇది చేయండి. ఫోన్‌లో శ్రుతి చూపే యాప్ పెట్టి, పెద్దవాళ్లెవరైనా వాయిద్యాన్ని శ్రుతి చేయండి. తీగలు రెండు నిమిషాలు గట్టిగా మీటి, పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, మళ్లీ చూడండి. కొత్త తీగలైతే ఈ పరీక్ష పనికిరాదు. అవి సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పాత తీగే పది సెంట్లు దిగిందంటే బిరడ దగ్గర వేలు పెట్టి చూడండి, వెనక్కి తిరుగుతోందా? తిరగకపోతే గాడి చూడండి, తర్వాత లంగరు ముడి. విడిగా మీటితే సరిగ్గా ఉండి, మెట్టు మీద నొక్కితే తప్పుతోందంటే మేళం కట్టేవారిని పిలవాలి. ఇవన్నీ బాగున్నాయని తేలాకే పిల్లవాడిని పిలిచి పాడమనండి.